హెర్డ్‌మన్ పిల్లల ప్రశ్నల కోసమే ఈ పుస్తకం మళ్ళీ మళ్ళీ చదువుతాను

బార్బరా రాబిన్సన్ 1972లో రాసిన ‘ద బెస్ట్ క్రిస్మస్ పేజెంట్ ఎవర్’ని ఏళ్ళ తరబడి డిసెంబర్ రాగానే మా సండే స్కూల్ పిల్లలకు చదివి వినిపిస్తున్నాను. ఇంగ్లీషులో ఒక పేరా చదవడం, వెంటనే తెలుగులో చెప్పడం. అట్ట ఊడిపోయి టేపుతో నిలబడింది. చర్చిలో పిల్లలు వేసే క్రిస్మస్ నాటకం అల్లరిపాలయ్యే కథ కాబట్టి నవ్వంతా నాటకం రోజునే ఉంటుందని అందరూ అనుకుంటారు. నాకు మాత్రం ఈ పుస్తకానికి ప్రాణం రిహార్సల్. అందులోనూ ఆ పిల్లలు వేసే ప్రశ్నలు.

హెర్డ్‌మన్ పిల్లలు ఆరుగురు. ఊరంతా వాళ్ళంటే హడల్. దొంగతనాలు చేస్తారు, ఆడపిల్లలతో సహా చుట్టలు కాలుస్తారు, కెమిస్ట్రీ సెట్‌తో ఆడుకుంటూ ఒకరి పనిముట్ల షెడ్డు తగలబెడతారు. చర్చిలో తినడానికి బోలెడు పెడతారని విని వస్తారు, వచ్చి క్రిస్మస్ నాటకంలో పెద్ద వేషాలన్నీ బెదిరించి లాక్కుంటారు. ఇమోజీన్ మరియమ్మ, రాల్ఫ్ యోసేపు, లెరాయ్, క్లాడ్, ఆలీ పసి యేసుకు కానుకలు తెచ్చే ముగ్గురు జ్ఞానులు, అందరికంటే చిన్నదీ అందరికంటే గయ్యాళీ అయిన గ్లాడిస్ దేవదూత.

ఈ ఆరుగురికీ యేసు పుట్టిన కథ అసలు తెలియదు. నాటకం వేయించే బాధ్యత నెత్తిన పడ్డ, కథ చెప్పే అమ్మాయి తల్లి బైబిల్ తెరిచి చదువుతుంటే ప్రతి వాక్యానికీ అడ్డం పడతారు. నిండు గర్భిణికి సత్రంలో చోటు లేదనడం ఏమిటని ఇమోజీన్‌కి ఒళ్ళు మండిపోతుంది. పసివాణ్ణి గుడ్డల్లో చుట్టి పశువుల తొట్టిలో పెడితే పిల్లల సంక్షేమం చూసే ఆఫీసువాళ్ళు ఏం చేస్తున్నారని నిలదీస్తుంది. వాళ్ళింటికి ఆ ఆఫీసు మనుషులు వచ్చి పోతుంటారు కాబట్టి ఆ సంగతి దానికి బాగా తెలుసు. ఆ జ్ఞానులు రాజులై ఉండి కానుకగా సుగంధ తైలాలేమిటి, అగ్నిమాపక సిబ్బంది పండక్కి పంచే బహుమతులే నయం కదా అని లెరాయ్ విసుక్కుంటాడు. పసి యేసును చంపించాలని చూసిన హేరోదు రాజును ఎవరూ ఏమీ చేయలేదంటే నమ్మకం కుదరక లైబ్రరీకి వెళ్ళి మరీ వెతుకుతారు. వాడు ముసలివాడై మంచం మీద పోయాడని తెలిసి మండిపడతారు.

మా పిల్లలకు యేసు పుట్టుక కథ ఉన్న లూకా సువార్త రెండో అధ్యాయం కంఠతా వచ్చు. తువ్వాలు తలకు చుట్టుకుని క్షణంలో గొల్లలైపోతారు. కానీ సత్రం యజమాని మీద కోపం వచ్చిన పిల్లను నేను చూడలేదు. ఈ రిహార్సల్ అధ్యాయం చదివాకే వస్తుంది. కథను నమ్మడం వేరు, దాన్ని నిన్న పక్కవీధిలో జరిగినట్టు వినడం వేరు. ఆ రెండోది ఈ పుస్తకం అవలీలగా నేర్పుతుంది, అదీ పిల్లలు కడుపు పట్టుకుని నవ్వుతుండగా.

మా క్లాసులో నేను అస్సలు ఊహించని సంగతి ఒకటి జరిగింది. పుస్తకంలో నాటకం రోజు జ్ఞానుల వేషంలో ఉన్న ఆ ముగ్గురూ బంగారం, సాంబ్రాణి, బోళం తేకుండా పెద్ద హామ్ ఒకటి మోసుకొస్తారు. పండక్కి లేనివాళ్ళ ఇళ్ళకు చర్చి పంచే బుట్టలో వాళ్ళకు వచ్చినదే అది. చుట్టిన రిబ్బన్ కూడా విప్పరు. తర్వాత తిరిగి తీసుకోమన్నా, ఇచ్చిన కానుక వెనక్కి ఎలా తీసుకుంటామంటారు. హామ్ అంటే పంది తొడ అని చెప్పగానే మా పిల్లలు ప్రతి ఏడూ పడీపడీ నవ్వుతారు. ఒక ఏడు మాత్రం, చాప చివర కూర్చుని పక్కవాళ్ళను గిల్లే ఒక పిల్లాడు నవ్వకుండా చెయ్యెత్తాడు. “టీచర్, మరి ఆ రోజు వాళ్ళింట్లో ఏం తిన్నారు?”

పుస్తకంలో దానికి జవాబు లేదు. పిల్లలు ఊరుకోలేదు. బుట్టలో ఇంకేవో ఉండే ఉంటాయని ఒకమ్మాయి. వాళ్ళమ్మ చెప్పుల ఫ్యాక్టరీలో రెండు షిఫ్టులు చేస్తోంది కదా, వచ్చేటప్పుడు ఏదో కొనుక్కొస్తుందని ఇంకొకడు. ముందు పేజీలు మళ్ళీ చదవమన్నారు, చదివాను. క్లాసు టైమంతా దానికే సరిపోయింది. ఆ ఏడు మా నాటకంలో జ్ఞాని వేషం ఆ పిల్లాడికే ఇచ్చాం. బంగారు కాగితం అంటించిన డబ్బా వద్దని, ఇంట్లో తన వాటా జంతికలు స్టీలు డబ్బాలో తెచ్చి తొట్టి ముందు పెట్టాడు. పెద్దవాళ్ళు నవ్వారు. వాడు నవ్వలేదు, వాడికి అది సరైన కానుక.

రిహార్సలే ప్రాణం అన్నాను కదా, ఆ ఘట్టం దాదాపు సగం పుస్తకం అయ్యేదాకా రాదు. అంతదాకా వాళ్ళ ఆగడాల చిట్టా. గట్టిగా చదివి వినిపిస్తే బాగుంటుంది గానీ, సొంతంగా చదువుకునే చిన్నపిల్లలకు అక్కడే ఓపిక పోతుంది. చుట్టల సంగతి నేను కుదించి చెబుతాను. లేనితనాన్ని చూసి నవ్వేలా ఉన్న మాటలు మొదటి పేజీల్లో కొన్ని ఉన్నాయి. అటువంటి ఇళ్ళ నుంచి వచ్చే పిల్లలు నా ఎదురుగా కూర్చుంటారు కాబట్టి వాటినీ దాటేస్తాను. ఎప్పుడూ మరియమ్మ వేషం కట్టే ఆలిస్ అనే బుద్ధిమంతురాలికి చాడీలు చెప్పడం తప్ప వేరే పనే పెట్టలేదు రచయిత్రి. పాపం అనిపిస్తుంది.

క్రీస్తు పుట్టుక కథ తెలియని పిల్లలకు ఇది పనికిరాదని చాలాకాలం అనుకునేదాన్ని. పక్కింటి పిల్లలు వచ్చి విన్నప్పుడు సగమే నిజమని తేలింది. ఇమోజీన్ ప్రశ్నలను వాళ్ళు తమ ప్రశ్నల్లాగే విన్నారు. కానీ చివర్లో మరియమ్మ వేషంలో ఇమోజీన్ ఏడ్చే చోట మా పిల్లలు కదిలిపోతే, వాళ్ళు నా మొహం చూశారు.

కొనేవాళ్ళకు ఒక మాట. పెద్ద రంగుల బొమ్మలతో కుదించిన ప్రతి కూడా దొరుకుతుంది. బొమ్మలు బాగున్నా అసలు పుస్తకానికి అది బదులు కాదు. పూర్తి పాఠం ఉన్నదే తీసుకోండి. ‘ద వర్స్ట్ కిడ్స్ ఇన్ ద వరల్డ్’ అని బ్రిటన్‌లో వచ్చినదీ ఇదే పుస్తకం, రెండూ కొనకండి. 2024లో సినిమా వచ్చింది, పెద్ద పిల్లలు దాని వల్లే పుస్తకం అడుగుతున్నారు. ముందు పుస్తకం చదివించండి.

ఎనిమిదేళ్ళు దాటిన పిల్లలు, చదివి వినిపించే పెద్దవాళ్ళు ఒకరు, డిసెంబర్‌లో నాటకం వేసే చర్చి. ఈ మూడూ ఉన్నాయి కాబట్టి నాకు ఇది తప్పనిసరి. అవేవీ లేని ఇంటికి కొని తీరాలని చెప్పలేను. లైబ్రరీలో దొరికితే మాత్రం తెచ్చుకుని, ముందు రిహార్సల్ ఉన్న అధ్యాయం తీసి చదివి చూడండి.