కారులో కరెంటే లేనప్పుడు: పసుపు మల్టీమీటరు గురించి

మాది నర్సీపట్నం. చలికాలమంతా లంబసింగి, అరకు బేరాలకి సొంత కారు తిప్పుతాను. స్టెప్నీ, జాకీ ఎలాగో వోల్టులు, కరెంటు కొలిచే ఈ పసుపు రంగు డిజిటల్ మల్టీమీటరు కూడా నాకు అలాగే. ఎలక్ట్రికల్ సామాన్ల షాపుల్లో రూ. 300 లోపే వస్తుంది. ఏ కంపెనీదైనా పెద్ద తేడా ఉండదు.

దీని విలువ లంబసింగి మంచులో తెలిసింది. తెల్లవారుజామున తాళం తిప్పితే డ్యాష్‌బోర్డులో ఒక్క లైటు లేదు. హారన్ లేదు, సెంట్రల్ లాక్ పలకలేదు. వెనక సీట్లో పెద్దాయన, "బ్యాటరీ పోయింది బాబూ, చింతపల్లి నుంచి కొత్తది తెప్పించెయ్" అన్నారు. చలికి బ్యాటరీ నీరసిస్తుంది, నిజమే. కానీ నీరసించిన బ్యాటరీ మామూలుగా డ్యాష్‌బోర్డు లైట్లనైనా మసగ్గా వెలిగిస్తుంది, సెల్ఫ్ దగ్గర టకటకమంటుంది. ఒక్కసారిగా అన్నీ ఆరిపోయాయంటే ముందు అనుమానించాల్సింది కనెక్షన్లని.

మీటరు 20 వోల్టుల డీసీ మీద పెట్టి, ఎర్ర వైరు ప్లస్‌కి, నల్ల వైరు మైనస్‌కి, బ్యాటరీ మీద పొడుచుకొచ్చిన సీసం పోస్టుల మీదే ఆనించాను. 12.5. నిండు బ్యాటరీకి 12.6 ఉంటుంది, 12.2 అంటే సగం, 12 కిందికొస్తే దాదాపు ఖాళీ. అంటే బ్యాటరీ బాగానే ఉందన్నమాట. తర్వాత ఎర్ర వైరు అక్కడే ఉంచి, నల్ల వైరు తీసి ఇంజిన్ పక్కన కారు బాడీకున్న రంగులేని బోల్టు మీద పెట్టాను. అక్కడా దాదాపు అంతే చూపించింది.

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. మీటరు లాగే కరెంటు చాలా తక్కువ కాబట్టి పోస్టుని పట్టుకునే క్లాంపు తుప్పు పట్టి వెంట్రుకవాసి తగులుతున్నా వోల్టులు పూర్తిగా చూపిస్తుంది. పూడిపోయిన కుళాయి చుక్కచుక్కగా కారుతున్నా రాత్రంతా పెడితే బిందె నిండుతుంది కదా, అలాగన్నమాట. అందుకే హెడ్‌లైట్ స్విచ్ వేసి ఉంచి మళ్లీ చూడాలి. అలా చూస్తే బోల్టు దగ్గర 2 వోల్టులకి పడిపోయింది. నల్ల వైరు మైనస్ పోస్టు మీదకి మార్చగానే మళ్లీ 12.5. మిగతా 10.5 వోల్టులూ ఆ మైనస్ పోస్టుకీ బాడీకీ మధ్యే పోతున్నాయి. ఆ మైనస్ పోస్టుకుండే ఎర్త్ క్లాంపు లోపలంతా తెల్లపొడి పట్టి ఉంది. స్విచ్‌లన్నీ ఆపి, 10 నంబరు స్పానరుతో క్లాంపు ఊడదీసి, గరుకు కాగితంతో సీసం మెరిసేదాకా రుద్ది బిగించాను. తాళం తిప్పగానే లైట్లన్నీ వచ్చాయి. స్టార్టయ్యాక పోస్టుల మీద 14.2 చూపించింది, డైనమో చార్జింగ్ బాగానే ఉంది. అది చూసేదాకా ఘాటీ దిగలేదు నేను.

ఎర్త్ బాగుంటే తర్వాత మెయిన్ ఫ్యూజు. కొన్ని కార్లలో ప్లస్ టెర్మినల్ మీదే ఉంటుంది, కొన్నింట్లో బానెట్ కింద ఫ్యూజు బాక్సులో. అప్పుడూ లైట్ల స్విచ్ వేసే ఉంచి, నల్ల వైరు మైనస్ పోస్టు మీద పెట్టి, ఎర్ర వైరుతో ఫ్యూజు రెండు చివర్లా చూడండి. ఒకవైపు 12, రెండోవైపు సున్నా ఉంటే ఫ్యూజు పోయినట్టే.

ఇక లోపాలు. స్క్రీన్‌కి వెలుగు లేదు, చీకట్లో ఇంకొకరు ఫోన్ టార్చి పట్టాలి. వైర్లు సన్నం, ములుకులు మొద్దు. లోపలి 9 వోల్టుల బ్యాటరీ దిగిపోతే అసలుకంటే ఎక్కువ చూపిస్తుంది, దిగిన కారు బ్యాటరీ కూడా మంచిదే అనిపిస్తుంది. అన్నిటికంటే భయపడాల్సింది 10 ఆంపియర్ల రంధ్రానికి. చాలా మీటర్లలో దానికి ఫ్యూజు ఉండదు. ఎర్ర వైరు అందులో ఉండగా బ్యాటరీ మీద ఆనిస్తే నేరుగా షార్టే, చేతిలో వైర్లు కాలిపోతాయి. వోల్టులు చూసే ముందు వైరు ఏ రంధ్రంలో ఉందో చూసుకోండి.

దీంతోపాటు ఆటో ఎలక్ట్రీషియన్లు వాడే 12 వోల్టుల టెస్ట్ లైటు కూడా ఒకటి ఉంచుకోండి. బల్బు కాస్త కరెంటు లాగుతుంది కాబట్టి ఉత్తుత్తి వోల్టులకి వెలగదు. రెండిట్లో ఒకటే కొనే స్తోమత ఉన్నవాళ్లకి నేను ముందు టెస్ట్ లైటే చెబుతాను.

మీటరు కొనేటప్పుడు షాపులోనే కొత్త 9 వోల్టుల బ్యాటరీ మీద పెట్టి చూపించమనండి. 9కి పైన చూపించాలి. తక్కువ చూపిస్తే ఇంకోటి తీయమనండి.