బరంపురంలో అమ్ముతున్న ఆ 2 టీబీ ఎస్‌ఎస్‌డీ కొనకండి, కొన్నవాళ్లు ఇవాళే పరీక్షించండి

బరంపురం, ఛత్రపురం, ఇచ్ఛాపురం వైపు ఉన్న మనవాళ్లు ఇది చదివి, కొనబోయే వాళ్లకు వెంటనే చెప్పండి. బజారులో మెమరీ కార్డులు, స్పీకర్లు, ఫోన్ సామాన్లు అమ్మే ఆ షాపు ఏదో మీకు తెలుసు. మన తెలుగువాళ్లలో చాలామంది పెన్‌డ్రైవ్ కావాలంటే నేరుగా అక్కడికే వెళతారు. అద్దాల అరలో ముందు వరుసలో నల్ల పెట్టెలో 'పోర్టబుల్ ఎస్‌ఎస్‌డీ, 2 టీబీ' అని మెరుస్తూ ఒకటి ఉంటుంది. ఎస్‌ఎస్‌డీ అంటే ఫైళ్లు దాచుకునే వేగమైన డ్రైవ్. ఇది ఎస్‌ఎస్‌డీ కాదు. దానిలో 2 టీబీ లేదు. అందులో నేను దాచిన పాటలు పోయాయి. అడగడానికి వెళితే ఆ షాపతను అన్న మాటకు ఇప్పటికీ ఒళ్లు మండుతోంది.

సంగతి క్లుప్తంగా చెబుతాను. మా పెద్ద మామయ్య దగ్గర వందకు పైగా క్యాసెట్లున్నాయి. అవి అంగట్లో కొన్న సినిమా పాటలు కావు. చేతిలో టేప్‌రికార్డర్ పట్టుకుని తిరిగి ఆయన స్వయంగా పట్టుకున్నవి. బరంపురంలో బుఢీ ఠాకురాణి అమ్మవారి యాత్ర రాత్రుల్లో దేవాంగుల వీధుల్లో మోగిన పాటలు, రామమందిరంలో శనివారం భజనలు, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన వాళ్లు చెప్పిన జముకుల కథలు, మా అమ్మమ్మ పాడిన మంగళహారతులు. యాత్ర రెండేళ్లకోసారి వస్తుంది. ఆ పాటలు పాడినవాళ్లలో చాలామంది ఇప్పుడు లేరు.

వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించే పని నేను పెట్టుకున్నాను. టేప్ డెక్ నుంచి లాప్‌టాప్‌కు ఒక వైరు, లాప్‌టాప్‌లో ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్. ఆడాసిటీ ఉచితం, దాని సోర్స్ కోడ్ ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు. ఈ పనిలో దగ్గరదారి లేదు. తొంభై నిమిషాల క్యాసెట్టుకు తొంభై నిమిషాలూ కూర్చోవాల్సిందే. మధ్యలో టేపు నలిగితే ఆపాలి, హెడ్‌ను స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడవాలి, మళ్లీ మొదటి నుంచి నడిపించాలి. ఒక సి-90 క్యాసెట్టు సీడీ నాణ్యతలో వేవ్ ఫైలుగా దాదాపు 950 ఎంబీ అవుతుంది. ఫ్లాక్‌లోకి మారిస్తే ధ్వని ఏమాత్రం తగ్గకుండా సుమారు సగానికి వస్తుంది. ఫ్లాక్ కూడా ఎవరి సొత్తూ కాని ఫార్మాట్, 2001 నుంచి ఉంది. రేపు ఏ కంపెనీ మూతపడినా ఆ ఫైలు తెరుచుకుంటుంది. అందుకే దాన్ని ఎంచుకున్నాను. వేవ్‌లు, ఫ్లాక్‌లు, సీడీల నుంచి తీసుకున్నవి, ఇంటి వీడియోలు అన్నీ కలిసి లాప్‌టాప్ నిండిపోయింది. అప్పుడు ఆ షాపులో 3,500 రూపాయలకు ఈ పెట్టె కొని అన్నీ దానిలోకి మార్చాను. కాపీ పూర్తయిందని కంప్యూటర్ చెప్పింది. ఎక్కడా ఒక్క లోపమూ చూపించలేదు.

మామయ్య మా ఇంటికి వచ్చిన రోజున యాత్ర పాటలు వినిపిద్దామని దాన్ని తగిలించాను. ఫోల్డర్లన్నీ ఉన్నాయి. నేను తెలుగులో టైపు చేసిన పేర్లన్నీ వరుసగా ఉన్నాయి. ప్రతి ఫైలు పక్కనా సైజు సరిగ్గానే ఉంది. వీఎల్‌సీలో మొదటి పాట తెరిస్తే సమయం సున్నా దగ్గరే నిలిచిపోయింది. రెండోదీ అంతే. మరొకటి మోగింది, అమ్మమ్మ గొంతు వచ్చింది, రెండు చరణాలయ్యాక టక్కున ఆగిపోయింది. పాటల పేర్లు మాత్రం వరుసగా కనిపిస్తూనే ఉన్నాయి. మామయ్య ఏమీ అనలేదు, కళ్లజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నారు.

ఈ మోసం ఎలా జరుగుతుందో అందరూ తెలుసుకోవాలి. ఇలాంటి పరికరం లోపల చిన్న కంట్రోలర్ చిప్ ఉంటుంది. 'నీలో చోటెంత' అని కంప్యూటర్ అడిగితే జవాబు చెప్పేది అదే. మోసగాళ్లు దాని లోపలి ప్రోగ్రామ్‌ను మార్చి 64 జీబీ ఉన్నచోట 2 టీబీ, అంటే 2,000 జీబీ, అని చెప్పిస్తారు. కంప్యూటర్‌లో కనిపించే సైజును నమ్మడమంటే బస్తా మీది అంకె చూసి తూకం వేయకుండా బియ్యం కొనడమే. నిజమైన చోటు నిండేదాకా అన్నీ బాగానే ఉంటాయి. ఆ తర్వాత వచ్చినదాన్ని ఆ చిప్ తీసుకున్నట్టు నటించి వదిలేస్తుంది, లేదా పాత డేటా మీదే రాసేస్తుంది. ఫైళ్ల పేర్లు, సైజులు ఉండే పట్టిక మొదట్లోనే ఉంటుంది కాబట్టి అది చెక్కుచెదరదు. అందుకే ఫోల్డర్ చూస్తే అన్నీ ఉన్నట్టే ఉంటుంది. పాట తెరిస్తేనే లోపల శూన్యమని తెలుస్తుంది. కొన్న మొదటి రోజుల్లో ఎవరికీ అనుమానం రాదు. అనుమానం వచ్చేసరికి, మార్చుకోవడానికి షాపువాళ్లిచ్చిన గడువు దాటిపోతుంది.

దీన్ని పట్టుకోవడానికి ఎఫ్3 అని ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. 'ఫైట్ ఫ్లాష్ ఫ్రాడ్' అన్న మాటలకు పొట్టి పేరు అది. దానిలో ఒక భాగం డ్రైవ్ నిండా తనకు తెలిసిన డేటా రాస్తుంది. ఇంకో భాగం దాన్నంతా వెనక్కి చదివి, రాసింది రాసినట్టే ఉందో లేదో లెక్క చెబుతుంది. ప్రోబ్ అనే మూడో భాగం అంతా నింపకుండానే అసలు సామర్థ్యాన్ని చాలా త్వరగా కనిపెడుతుంది. నా పాత లాప్‌టాప్‌లో విండోస్‌కు బదులు లినక్స్ ఉంది కాబట్టి ఈ ప్రోబ్‌నే నడిపాను. పరికరం నకిలీదని, వాడుకోగలిగిన చోటు 60 జీబీ లోపేనని తేల్చింది. ఆ వివరాలు కాగితం మీద ప్రింటు తీసుకుని షాపుకు వెళ్లాను.

షాపతను కాగితం చదవనే లేదు. పెట్టెను తన కంప్యూటర్‌కు తగిలించి తెరను నా వైపు తిప్పాడు. "చూడండి మాస్టారూ, రెండు టీబీ చూపిస్తోందా లేదా? నేను అమ్మింది రెండు టీబీ. మీకు కనిపిస్తోంది రెండు టీబీ. ఇంక గొడవేముంది?" అన్నాడు. ఆ అంకెను చెబుతున్నది ఆ పరికరమే అని, చివర వేసిన పాటల్లో ఏదైనా ఒక్కటి తెరిచి చూడమని అడిగాను. తెరవలేదు. "ఇంటర్నెట్‌లో ఊరికే దొరికే సాఫ్ట్‌వేర్లు పెట్టి మీరే పాడుచేసుకున్నారు. లినక్స్‌కు తగిలించినవాటికి మాకు సంబంధం లేదు" అన్నాడు. ఊరికే దొరుకుతుంది నిజమే. కానీ దాని కోడ్‌ను ప్రపంచంలో ఎవరైనా చదవవచ్చు, తప్పుంటే చూపవచ్చు. దాచిపెట్టిన కోడ్‌తో అబద్ధం చెబుతున్నది అతను అమ్మిన పెట్టె.

అప్పటికి కొట్లో ఇంకో నలుగురు ఉన్నారు. వాళ్లు వింటుండగా, నా పాటలు పోయాయి బాబూ, అవి మళ్లీ దొరకవు అని చెప్పాను. అతను నవ్వాడు. "పాటల కోసమా ఇంత? పాత క్యాసెట్ పాటలే కదా. ఫోన్‌లో దొరకని పాట ఉందా ఈ రోజుల్లో? నెలకు వంద రూపాయలు కట్టండి, అన్నీ వస్తాయి" అన్నాడు. అని, నా కాగితాన్ని మడిచి నా చేతిలో పెట్టి, వెనక ఉన్నాయనను "చెప్పండి సార్, ఏం కావాలి" అని పలకరించాడు.

3,500 పోతే పోయింది, ఆ మాటను మాత్రం నేను క్షమించలేను. మా అమ్మమ్మ మంగళహారతి ఏ యాప్‌లో ఉంది? మన వీధుల్లో యాత్ర రాత్రి తెల్లవార్లూ పాడినవాళ్ల గొంతు ఏ కంపెనీ దగ్గర ఉంది? యాప్‌కు నెలనెలా కట్టేది వినడానికి అనుమతి కోసమే. పాట మనది కాదు. పాటల హక్కుదారుకూ యాప్‌కూ ఒప్పందం ముగిస్తే నిన్న విన్న పాట ఇవాళ ఉండదు. 2024లో వింక్ మ్యూజిక్ అనే పాటల యాప్ సేవ ఆగిపోయింది. అలాంటి యాప్‌లలో 'డౌన్‌లోడ్' అని దాచుకున్నవి ఆ యాప్ లోపలే మోగుతాయి, బయటికి రావు. దానికి భిన్నంగా, 2012లో ఫ్లిప్‌కార్ట్ ఫ్లైట్ అనే పేరుతో పాటలను తాళం లేని ఎంపీ3 ఫైళ్లుగా అమ్మింది. ఆ దుకాణం 2013లోనే మూతపడింది. అయినా అప్పుడు కొని ఫైళ్లు దించుకున్నవాళ్ల పాటలు ఈ రోజుకీ మోగుతాయి. ఫైలు మన చేతిలో ఉండాలని నేను పట్టుబట్టేది అందుకే. ఆ ఫైలును నిలబెట్టాల్సిన వస్తువునే నకిలీగా అమ్మి, పైగా పాటలకు విలువేముందని అడిగేవాడిని ఏమనాలి?

ఇంటికి వచ్చాక పెట్టె విప్పాను. మూత కింద వేలెడంత సర్క్యూట్ పలక, దాని మీద కార్డ్ రీడర్, అందులో ఫోన్లలో వేసుకునే గోరంత మైక్రో ఎస్‌డీ కార్డు. కార్డు కదలకుండా చుట్టూ వేడి జిగురు పోశారు. మిగతా చోటంతా ఖాళీ. చేతిలో బరువు తెలియడానికి ఒక మూలన రెండు ఇనుప ముక్కలు అదే జిగురుతో అంటించారు. ఆ ఇనుప ముక్కలు చూశాక ఇది తయారీలో దొర్లిన లోపమని ఎవరూ నాకు చెప్పలేరు. కొనేవాడు చేతిలోకి తీసుకుని తూచి చూస్తాడని తెలిసి, కావాలనే పెట్టారు. అన్నిటికీ ఫొటోలు తీసి ఉంచాను.

క్యాసెట్లలో బాగున్నవాటిని మళ్లీ ఎక్కిస్తున్నాను. కొన్ని మొదటిసారి నడిపినప్పుడే తెగిపోయాయి, వాటిలో అమ్మమ్మ క్యాసెట్టు ఒకటి. ఆవిడవి మిగిలింది ఆ రెండు చరణాలు.

ఇక చేయవలసినవి. ఏ కార్డు, పెన్‌డ్రైవ్, ఎస్‌ఎస్‌డీ కొన్నా ఒక్క ఫైలు కూడా వేయకముందే ఎఫ్3తో పరీక్షించండి. విండోస్ వాడేవాళ్లకు హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అని ఉచితంగా దొరుకుతుంది, పని అదే. పెద్ద డ్రైవ్ అయితే రాత్రంతా పట్టవచ్చు, పట్టనివ్వండి. ముఖ్యమైనవాటికి రెండు వేర్వేరు పరికరాల్లో నకళ్లు ఉంచండి, రెండు నకళ్ల నుంచీ పాట మోగించి చూశాకే లాప్‌టాప్‌లో ఉన్నది తీయండి. బిల్లు అడిగి తీసుకోండి. బిల్లు ఇవ్వకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అక్రమ వ్యాపార పద్ధతే. లోపమున్న వస్తువును బిల్లులో చెప్పిన గడువులోగా, గడువు రాయకపోతే ముప్ఫై రోజుల్లోగా వెనక్కి తీసుకోకపోవడమూ అంతే. ఇచ్ఛాపురం, సోంపేట నుంచి వచ్చి కొన్నవాళ్లు ఒడిశాకు తిరగాల్సి వస్తుందని వదిలేయకండి. ఈ చట్టం కింద మీరు ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన సొమ్ము అయిదు లక్షల లోపయితే రుసుము లేదు, గడువు రెండేళ్లు.

నేను జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫిర్యాదు చేశాను. ఆ నల్ల పెట్టెను అదే షాపులో కొన్నవాళ్లు మీలో ఇంకా ఉంటారు. చివర్లో వేసిన ఫైళ్లలో నాలుగింటిని ఇప్పుడే తెరిచి చూడండి. తెరుచుకోకపోతే దానిలోకి ఇంకేమీ రాయకండి. బిల్లు, పెట్టె భద్రంగా ఉంచి మీరూ ఫిర్యాదు చేయండి. ఒక్కరే అడిగితే కాగితం మడిచి చేతిలో పెడుతున్నాడు కాబట్టి, కొన్నవాళ్లందరం కలిసి అడుగుదాం.