అమెరికా లైసెన్సు: స్పీచ్ థెరపీనా, ఆడియాలజీనా?

మన దగ్గర బీఏఎస్‌ఎల్‌పీ అనే ఒక్క డిగ్రీతో స్పీచ్ థెరపీ (మాట సమస్యలు సరిచేయడం), ఆడియాలజీ (వినికిడి సమస్యలు చూడటం) రెండు పనులూ చేయొచ్చు. నాలుగేళ్ల చదువు, అందులో ఏడాది ఇంటర్న్‌షిప్, ఆపైన రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్ట్రేషన్. అమెరికాలో అలా కుదరదు. ఏ పనికి ఆ లైసెన్సే, అదీ ఏ రాష్ట్రానిది ఆ రాష్ట్రానిదే.

స్పీచ్ వైపు వెళ్తే మాస్టర్స్ చాలు, సాధారణంగా రెండేళ్లు. కానీ డిగ్రీ చేతికొచ్చాక అసలు టెన్షన్ మొదలవుతుంది. లైసెన్సు కోసం రాసే ప్రాక్సిస్ అనే పరీక్షలో 162 స్కోరు రావాలి. తర్వాత సీనియర్ పర్యవేక్షణలో ఫెలోషిప్, ఫుల్‌టైమ్ అయితే 36 వారాలు. ఆషా, అంటే అక్కడి స్పీచ్, హియరింగ్ నిపుణుల జాతీయ సంఘం ఇచ్చే సర్టిఫికెట్ ఉంటే చాలని చాలామంది పొరబడతారు. అది లైసెన్సు కాదు, లైసెన్సు ఇచ్చేది రాష్ట్రమే.

ఆడియాలజీకి డాక్టరేట్ తప్పదు. ఏయూడీ అనే ఆ డాక్టరేట్ మామూలుగా నాలుగేళ్లు, ఫీజులూ ఆ మేరకే. ఊరట ఏమిటంటే, క్లినిక్ అనుభవం చాలావరకు చదువులోనే అయిపోతుంది, విడిగా ఫెలోషిప్ ఉండదు.

ఖర్చు ఒక్కటే చూస్తే స్పీచే నయం. అయినా నేను ముందు అడిగేది పని గురించే. "కాకి"ని "తాకి" అనే పిల్లాడితో నెలల తరబడి కూర్చుని, ఒక రోజు వాడి నోట "క" పలికిస్తే వచ్చే ఆనందం మీకు కావాలా? లేక హియరింగ్ ఎయిడ్ పెట్టగానే అమ్మ గొంతు వైపు తల తిప్పే పాపను చూడాలా? రెండోదే మీ మనసు లాగుతుంటే, ఆ అదనపు రెండేళ్లకు వెనకాడకండి.