గ్రీసు దీవులకి ఒంటరిగా: సాంటోరిని తగ్గించండి, తినోస్ కలపండి

గ్రీసు వెళ్ళొచ్చానని తెలిసిన దగ్గర్నుంచి మా బ్యాంకులో అందరూ సాంటోరిని గురించే అడుగుతున్నారు. చెప్తాను. ముఖ్యంగా అక్కడ నా దగ్గర డబ్బు గుంజిన గది యజమాని గురించి చెప్తాను, ఒంటరిగా వెళ్ళే ఆడవాళ్ళకి అది తెలిసి తీరాలి. కానీ ఇదంతా రాయడానికి అసలు కారణం తినోస్ అనే దీవి, ఆ దీవికి నన్ను వెంటపెట్టుకుని వెళ్ళిన ఒక రిటైర్డ్ నర్సు.

ముందు ఖర్చుల సంగతి. గ్రీసుకి కావలసిన షెంగెన్ వీసా ఫీజు 90 యూరోలు, వీసా సెంటర్ వాళ్ళ సర్వీసు చార్జీ దానికి అదనం. ఇన్సూరెన్సు కనీసం 30,000 యూరోలకి ఉండాలి. నేను వెళ్ళినప్పుడు యూరో నూటమూడు రూపాయల దగ్గరుంది కాబట్టి ప్రతి కాఫీకీ మనసులో లెక్క వేసుకోక తప్పలేదు. ఇంట్లో మా అన్నయ్య "ఒక్కదానివే ఎందుకు, గ్రూపు టూర్లు ఉంటాయి కదా" అని రెండు నెలలు సణిగాడు, అమ్మ మాత్రం "వెళ్ళిరానీరా, ఎప్పుడు వెళ్తుంది మరి" అంది. సెప్టెంబరులో బయల్దేరాను. ఏథెన్స్ బాగానే గడిచింది, కొండ మీది పాత గుళ్ళున్న అక్రోపోలిస్ టికెట్ 30 యూరోలు, పొద్దున్నే వెళ్తే ఎండ తప్పుతుంది, అంతకంటే చెప్పడానికేం లేదు.

ఏథెన్స్ దగ్గరి పిరేయస్ రేవు నుంచి సాంటోరినికి నెమ్మదిగా వెళ్ళే పెద్ద ఓడ ఎక్కాను. సుమారు ఎనిమిది గంటలు, 55 యూరోలు. స్పీడు ఓడలు ఐదు గంటల్లో తీసుకెళ్తాయిగానీ వాటిల్లో విమానంలోలాగా సీటుకి అతుక్కుని కూర్చోవాలి. పెద్ద ఓడలో డెక్కు మీద గాలికి నిలబడి ఒక్కో దీవి దగ్గర జనం దిగడం, కోళ్ళ బుట్టల నుంచి ఫ్రిజ్‌ల దాకా సామాను దించడం చూడొచ్చు. సముద్రమంటే ఇష్టమున్నవాళ్ళు పెద్ద ఓడే ఎక్కండి.

ఇక ఆ గది. ఫిరా ఊళ్ళో ఆన్‌లైన్లో బుక్ చేశాను, రాత్రికి 112 యూరోలు, అంటే పదకొండు వేల పైమాటే. ఫోటోల్లో కిటికీలోంచి అగ్నిపర్వతం తవ్వేసిన ఆ పెద్ద లోయ, అందులో నీలం సముద్రం. వెళ్ళి కిటికీ తెరిస్తే ఎదురుగా పక్కింటి గోడ, దాని మీద సోలార్ హీటర్ ట్యాంకు. వ్యూ ఏదీ అని యజమానిని అడిగితే, టెర్రస్ మీదికి వెళ్తే కనిపిస్తుంది అన్నాడు. టెర్రస్‌కి తాళం. ఆ తాళంచెవి పనిమనిషి దగ్గరుంటుందట, ఆవిడ పొద్దున్న ఒక గంట వస్తుందట. ఇదంతా ఒకెత్తు. మర్నాడు ఆయనే తలుపు కొట్టి, గవర్నమెంటు టాక్సు ఉంది, రాత్రికి 15 యూరోల చొప్పున క్యాష్ ఇవ్వాలన్నాడు. రసీదు అడిగితే "తర్వాత పంపిస్తాను" అన్నాడు. బుకింగ్ పేజీలో స్థానిక పన్ను విడిగా కట్టాలి అని రాసుందిగానీ ఎంతో రాయలేదు. ఆయన గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉన్నాడు, నేనొక్కదాన్నే ఉన్నాను, ఇచ్చేశాను.

అసలు రేటు ఇదీ: 2025 నుంచి ఏప్రిల్-అక్టోబరు మధ్య ఇలా రోజువారీ అద్దెకిచ్చే ఇళ్ళకి రాత్రికి 8 యూరోలు. 15 అనేది ఐదు నక్షత్రాల హోటళ్ళకి. పైగా అది గదికి, మనిషికి కాదు. గోడ కనిపించే గదికి ఐదు నక్షత్రాల పన్ను వసూలు చేశాడు ఆ పెద్దమనిషి.

సాంటోరినిలో నాకు నచ్చినవి లేవని కాదు. అక్రోతిరి తవ్వకాలు తప్పకుండా చూడండి, టికెట్ 20 యూరోలు. మూడున్నర వేల ఏళ్ళ క్రితం అగ్నిపర్వతం పేలి బూడిద కింద కప్పబడిపోయిన ఊరది, 1967లో తవ్వడం మొదలుపెట్టారు. మేడ మీద మేడ, మురుగు కాలువలు, ధాన్యం పోసుకున్న నిలువెత్తు కుండలు ఉన్నచోటే ఉన్నాయి. ఇటలీలో ఇలాగే బూడిదలో పూడిపోయిన పాంపేయిలోలాగా మనుషుల అవశేషాలు దొరకలేదు, ముందే ప్రమాదం పసిగట్టి ఊరు ఖాళీ చేశారంటారు. అక్కడ గోడల మీది బొమ్మలు కొన్ని ఫిరా మ్యూజియంలో ఉన్నాయి, అందులో నీలం కోతులది ఒకటుంది. పొడుగు తోకలు పైకెత్తి బండల మీద ఎగబాకుతున్న ఆ కోతుల్ని చూడగానే మన కొండముచ్చులే అనిపించింది. తర్వాత చదివితే, 2019లో కొందరు పరిశోధకులు ఆ తోకల తీరును బట్టి ఇవి మన వైపు కొండముచ్చులే అయ్యుంటాయని, సింధు నాగరికత ప్రాంతంతో ఏదో సంబంధం ఉండుంటుందని రాశారట. ఆ బొమ్మ ముందు చాలాసేపు కూర్చున్నాను. ఓయా అనే ఊళ్ళో సూర్యాస్తమయం మాత్రం మోచేతులతో పొడుచుకుంటూ చూడాలి, అది అయ్యాక ఫిరాకి బస్సు కోసం గంటకి పైగా క్యూ.

సాంటోరిని నుంచి నాక్సోస్ దీవికి రెండు గంటలు. దిగగానే రేవు పక్కనే కట్టడం మధ్యలో ఆగిపోయిన అపోలో గుడి తాలూకు పాలరాతి ద్వారం ఒక్కటే నిలబడి ఉంటుంది, ఎప్పుడైనా వెళ్ళొచ్చు, టికెట్ లేదు. గది 48 యూరోలు, శుభ్రంగా ఉంది, యజమానురాలు అంజూర పళ్ళు పెట్టింది, పన్నుకి అడక్కుండానే రసీదిచ్చింది. అక్కడ రోజులు హాయిగా గడిచిపోయాయి, తినోస్‌కి వెళ్ళాల్సిన పొద్దున వరకూ.

ఆ పొద్దున రేవులో గాలి మనిషిని నిలబడనివ్వట్లేదు. మెల్తెమి అంటారు, వేసవిలో ఉత్తరం నుంచి వీస్తుంది, జూలై, ఆగస్టుల్లో దాని జోరు, సెప్టెంబరులో కూడా వదలదు. గాలి మరీ ముదిరితే రేవు పోలీసులు ఓడల్ని కదలనివ్వరు, చిన్న స్పీడు ఓడలైతే ఇంకా ముందే ఆగిపోతాయి. నా ఓడ రద్దు. టికెట్ అమ్మిన ఆఫీసుకి వెళ్తే కౌంటర్లో కుర్రాడు ఫోన్లోంచి తల కూడా ఎత్తకుండా "రేపు రండి, డబ్బు వెనక్కి రాదు" అన్నాడు. నేను ఇంకో మాట అడిగేలోగా నా వెనక నుంచి ఒక చెయ్యి వచ్చి కౌంటర్ మీద ధనామని పడింది. పొట్టిగా, తెల్లగా నెరిసిన జుట్టు కత్తిరించుకుని, అరవై ఐదు పైబడి ఉంటాయి ఆవిడకి. గ్రీకులో ఏం చెప్పిందో నాకు అర్థం కాలేదుగానీ ఆ కుర్రాడు ఫోన్ కింద పెట్టి లేచి నిలబడ్డాడు. ఓడ రద్దయితే వేరే ఓడలో పంపాలా, డబ్బు తిరిగివ్వాలా అన్నది ఎంచుకునే హక్కు ప్రయాణికుడిదే, యూరప్ అంతటా అదే చట్టం. ఆవిడ టికెట్‌తో పాటు నాదీ రద్దు చేయించింది, 38 యూరోల 50 సెంట్లు వెనక్కి. అప్పుడు నా వైపు తిరిగి, వచ్చీరాని ఇంగ్లీషులో "ఇండియానా? ఒక్కదానివేనా? టిఫిన్ తిన్నావా?" అని అడిగింది. అచ్చం మా పెద్దమ్మ అడిగే వరుసలో అడిగింది. సంచీలోంచి నువ్వులద్దిన గుండ్రటి రొట్టె తీసి సగం తుంచి నా చేతిలో పెట్టింది.

థెస్సలొనీకి నగరం ఆవిడది. ముప్పై ఏళ్ళు నర్సుగా చేసి రిటైరయ్యింది, భర్త లేడు, మొక్కు తీర్చుకోవడానికి తినోస్ వెళ్తోంది. ఆ రోజు ఓడల్లేవు కాబట్టి ఇద్దరం బస్సెక్కి అపీరంథోస్ అనే కొండ ఊరికి వెళ్ళాం, సందులన్నీ పాలరాయి పరిచి ఉంటాయి. అక్కడ భోజనం దగ్గర నేను మాంసం, చేపా తిననని చెబితే ఆవిడ ఏమాత్రం కంగారు పడలేదు. వాళ్ళ చర్చి ఉపవాసాల రోజుల్లో మాంసం, గుడ్లు, పాలు, వెన్న అన్నీ మానేస్తారట, ఆ రోజుల కోసం వండుకునే వంటలు ఏడాదంతా దొరుకుతాయి. 'నిస్తీసిమో' అని అడగండి, వెయిటర్‌కి వెంటనే తెలుస్తుంది. టొమాటోల్లో, క్యాప్సికంలో అన్నం కూరి ఓవెన్లో పెట్టింది, పెద్ద తెల్ల చిక్కుడు గింజలు టొమాటోతో వండింది, ఇంకా ఫావా వచ్చాయి. ఫావా అంటే అచ్చం మన ముద్దపప్పు, నెయ్యి బదులు ఆలివ్ నూనె, పైన పచ్చి ఉల్లిపాయ, నిమ్మకాయ. నా బ్యాగులో మిగిలిన ఆవకాయ పొట్లం విప్పి ఫావాలో కలుపుకుని ఆవిడకీ పెట్టాను. కళ్ళల్లో నీళ్ళు తిరిగినా ప్లేటు వదల్లేదు. ఇద్దరికీ కలిపి 27 యూరోలు.

అక్కడే మాటల్లో సాంటోరిని పన్ను సంగతి చెప్పాను. ఆవిడ ఫోర్కు కింద పెట్టేసింది. గోడ మీద బోర్డు చూపించి చదవమంది. గ్రీకులో, ఇంగ్లీషులో రాసుంది: రసీదు ఇవ్వకపోతే వినియోగదారుడు డబ్బు కట్టాల్సిన పని లేదు. గ్రీసులో ప్రతి హోటల్లో, కొట్లో ఆ బోర్డు ఉంటుంది, నేను అప్పటిదాకా ఎన్నిచోట్ల దాన్ని దాటుకుని వెళ్ళానో. ఆ మనిషి నంబరు తీసుకుని అక్కడికక్కడే ఫోన్ చేసింది. పావుగంట అరిచింది. హోటల్ వాళ్ళు, పక్క టేబుల్ వాళ్ళు కూడా కలగజేసుకుని తలో మాటా అన్నారు. ఆయన ఫోన్ పెట్టేశాడు. ఆవిడ ఊరుకోలేదు, ఆ సాయంత్రం బుకింగ్ సైటుకి కంప్లయింటు తానే దగ్గరుండి రాయించింది, ఆయన నాకు పంపిన మెసేజిల ఫోటోలతో సహా. నేను ఇంటికొచ్చాక రాత్రికి 7 యూరోల లెక్కన తేడా మొత్తం కార్డులో పడింది. "నీ డబ్బు గురించి కాదు, మా దేశం పరువు గురించి" అంది ఆవిడ. మీకు ఇలాంటిది ఎదురైతే టూరిస్టు పోలీసు నంబరు 1571, ఫోన్లో దాచుకోండి.

మర్నాడు గాలి తగ్గాక తినోస్ చేరాం. గది ఇద్దరం పంచుకున్నాం, తలా 30 యూరోలు. రేవు నుంచి కొండ మీది అమ్మవారి, అంటే మేరీ మాత, చర్చికి ఒకటే వీధి, సుమారు ముప్పావు కిలోమీటరు, పైకి ఎత్తు. ఆ వీధి ఒక పక్కన పొడుగునా సన్నని కార్పెట్ పరిచి ఉంటుంది, మొక్కుకున్నవాళ్ళు దాని మీద మోకాళ్ళతో పాక్కుంటూ వెళ్తారు. 1823లో ఒక సన్యాసినికి కలలో చెప్పినచోట తవ్వితే విగ్రహపటం దొరికిందని ఆ చర్చి కట్టారు. ఆగస్టు 15న దేశం నలుమూలల నుంచీ జనం వస్తారు. 1940లో అదే పండగ రోజున రేవులో ఆగి ఉన్న గ్రీకు యుద్ధనౌకని ఇటలీ జలాంతర్గామి ముంచేసింది, దాని స్మారకం చర్చి ఆవరణలోనే ఉంది.

ఆవిడ పొద్దున ఆరింటికే మొదలుపెట్టింది. మోకాళ్ళకి కట్టుకునే మెత్తలు అక్కడ కొట్లలో అమ్ముతారు, వద్దంది, తువ్వాలు ముక్కలు కట్టుకుంది. నేను పక్కన ఆవిడ సంచీ, నీళ్ళ సీసా పట్టుకుని నడిచాను. మా అమ్మ తిరుమలలో మోకాళ్ళ పర్వతం ఎక్కినప్పుడు నేను పదేళ్ళ పిల్లని, అప్పుడూ నా పని నీళ్ళ సీసా పట్టుకోవడమే. ఆవిడతో ఆ మాట చెప్పాను. ఆగి, అరచేతులు కార్పెట్ మీద ఆనించి, "మీ అమ్మ దేనికి మొక్కుకుంది?" అని అడిగింది. అన్నయ్యకి జ్వరం తగ్గాలని, అన్నాను. "తగ్గిందా?" "తగ్గింది." తలూపి మళ్ళీ పాకడం మొదలుపెట్టింది. తన మొక్కు ఏమిటో చెప్పలేదు, నేను అడగలేదు. సగం దూరంలో తువ్వాలు జారిపోయి మోకాలు చీరుకుపోయింది, కట్టు నేను మళ్ళీ కట్టాను, ఇంతకంటే గట్టిగా కట్టమని నర్సమ్మ నాకు పాఠం చెప్పింది.

లోపల పైకప్పు నుంచి వెండి మొక్కుబళ్ళు వేలాడుతుంటాయి, ఓడలు, కాళ్ళు, కళ్ళు, ఇళ్ళు. మన గుళ్ళల్లో వెండి కళ్ళు సమర్పించుకున్నట్టే. టికెట్ లేదు, వీఐపీ క్యూ లేదు, కొవ్వొత్తికి మీకు తోచింది వేయొచ్చు. భుజాలు, మోకాళ్ళు కప్పుకోవాలి. కింద పటం దొరికినచోట చిన్న గుడి, బయటికొచ్చేవాళ్ళందరి చేతుల్లో తీర్థం సీసాలు. నేనూ అమ్మకి ఒకటి తెచ్చాను, దేవుడి గూట్లో పెట్టుకుంది.

మీరు వెళ్తే నా సలహా ఒక్కటే, సాంటోరినికి రెండు రాత్రులు చాలు, మిగిలినవి నాక్సోస్, తినోస్‌లకి ఇవ్వండి. సగం ఖర్చు కూడా కాదు. చివరి మజిలీ తినోస్ పెట్టుకుంటే రాఫినా రేవుకి ఓడలుంటాయి, అక్కడ నుంచి ఏథెన్స్ ఎయిర్‌పోర్టు పిరేయస్ కంటే చాలా దగ్గర, బస్సు ఉంటుంది. ఓడకీ విమానానికీ మధ్య మాత్రం ఒక రోజు ఖాళీ ఉంచుకోండి, గాలి ఎవరి మాటా వినదు.

ఆవిడ ఆదివారం ఆదివారం వీడియో కాల్ చేస్తోంది. అమ్మ తెలుగులో మాట్లాడుతుంది, ఆవిడ గ్రీకులో మాట్లాడుతుంది, మోకాళ్ళ నొప్పుల గురించి ఇద్దరూ చక్కగా అర్థం చేసుకుంటున్నారు. సంక్రాంతికి కాకినాడ వస్తానంటోంది, తిరుమల కూడా వెళ్ళాలట, మెట్ల దారిలోనే. నేను వద్దంటున్నాను, అమ్మ రమ్మంటోంది.