కోటి రూపాయల సెవెన్ సీటర్: క్యూ7, ఎక్స్‌సి90, పాత జీఎల్ఎస్... ఏది మేలు?

మేం జీఎల్ఎస్ తీసుకున్నాం అని తెలిసిన దగ్గర్నుంచి చుట్టాల్లోనో ఆఫీసులోనో ఎవరో ఒకరు అడుగుతూనే ఉన్నారు, ప్రశ్న మాత్రం ఒకటే, బడ్జెట్ కోటి అటూ ఇటూ, ఇంట్లో పెద్దాళ్లు పిల్లలు కలిపి ఏడుగురం, కొత్త ఆడి క్యూ7 తీసుకోవాలా, వోల్వో ఎక్స్‌సి90 తీసుకోవాలా, లేకపోతే మీలాగా మూడు నాలుగేళ్లు వాడిన మెర్సిడెస్ జీఎల్ఎస్ తీసుకోవాలా అని. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ రాసేస్తున్నా. స్క్రీన్ ఎన్ని అంగుళాలు, లోపల లైట్లు ఎన్ని రంగులు లాంటివి బ్రోషర్‌లో ఉంటాయి, వాటి జోలికి పోను.

ముందు లిస్టులోంచి కొన్ని తీసేద్దాం. మెర్సిడెస్‌లోనే చిన్నదైన జీఎల్ఈ, బీఎండబ్ల్యూ ఎక్స్5 రెండూ మంచి బండ్లే, కానీ మన దేశంలో అమ్మేవి ఐదు సీట్లవి, కాబట్టి ఏడుగురి లెక్కలో లేవు. ఫార్చ్యూనర్ ఉండగా ఇవన్నీ ఎందుకు అనే బాబాయిలు ప్రతి ఇంట్లో ఉంటారు, రీసేల్ విషయంలో వాళ్ల మాట నిజమే, కానీ దాని మూడో వరస సీట్లు మడిచినా పక్కలకి వేలాడుతూ డిక్కీని తినేస్తాయి, వెనక కూర్చున్నవాళ్లకి గతుకు గతుకూ తెలుస్తుంది, ఎక్స్‌సి90తోనో జీఎల్ఎస్‌తోనో పోల్చే బండి కాదది.

ఇక అసలు విషయం. నా దృష్టిలో ఈ బండ్లని తేల్చేది ఒక్కటే, మూడో వరస. ఏడు సీట్లు ఉన్నాయా లేదా అని కాదు, ఆ ఆరో మనిషి, ఏడో మనిషి ఎవరు, వాళ్లు అక్కడికి ఎక్కగలరా, ఎక్కాక రెండు గంటలు కూర్చోగలరా అని. దీన్ని ఎవరూ సరిగ్గా చూసుకోరు. షోరూమ్‌కి మొగుడూ పెళ్లాం వెళ్తారు, ముందు సీట్లో కూర్చుంటారు, స్టీరింగ్ పట్టుకుంటారు, వెనక్కి వచ్చేసరికి సేల్స్ అబ్బాయి రెండో వరసని పూర్తిగా ముందుకి జరిపేసి చూడండి సార్ ఎంత ప్లేస్ ఉందో అంటాడు, ఉంటుంది మరి, రెండో వరసలో మనిషి లేడు కదా. మీరు చేయాల్సింది ఏంటంటే ముందు డ్రైవర్ సీటు మీకు సరిపడా సర్దుకోండి, దాని వెనక రెండో వరస మీ నాన్నగారికి సరిపడా సర్దండి, అప్పుడు మీరే మూడో వరసలోకి ఎక్కి కూర్చోండి. మోకాళ్లు ఎక్కడున్నాయో చూసుకోండి. చాలా ఎస్‌యూవీల్లో అక్కడ ఫ్లోర్ ఎత్తుగా ఉంటుంది, కింద సస్పెన్షన్, డ్రైవ్‌షాఫ్టులు అన్నీ ఉంటాయి కాబట్టి, సీటేమో కిందకి ఉంటుంది, దాంతో మోకాళ్లు పైకి లేచి తొడల కింద ఆసరా లేకుండా పోతుంది. గచ్చిబౌలి నుంచి ఎల్బీనగర్ దాకా పర్లేదు, విజయవాడ దాకా మాత్రం నడుం పోతుంది.

చీర కట్టుకున్న అమ్మ, అత్తయ్య మూడో వరసలోకి ఎక్కడం అనేది ఏ బండిలోనూ జరగదు, ఆ ఆశ వదులుకోండి. కాబట్టి వెనక్కి వెళ్లేది పిల్లలు, లేదా బావమరిది. పిల్లలు పదేళ్ల లోపు వాళ్లయితే ఒక లెక్క, ఇంటర్ చదివే ఆరడుగుల వాడయితే ఇంకో లెక్క. ఈ ఒక్క ప్రశ్నకి జవాబు తెలిస్తే సగం బండ్లు వాటంతట అవే పక్కకి తప్పుకుంటాయి.

క్యూ7 నడపడానికి ఈ మూడింట్లో అందరికంటే బాగుంటుంది, నేనే ఒప్పుకుంటా. మూడు లీటర్ల వీ6 పెట్రోల్, 340 హార్స్‌పవర్, ఔటర్ రింగ్ రోడ్డు మీద కాలు ఆనిస్తే చాలు. స్ప్రింగుల బదులు గాలితో పనిచేసే ఎయిర్ సస్పెన్షన్ ఉంది, మూడో వరస బటన్ నొక్కితే లేస్తుంది, మడుచుకుంటుంది. కానీ ఆ మూడో వరస పిల్లల కోసమే పెట్టారు, పెద్దవాళ్లని కూర్చోబెడితే పాపం. దాన్ని నేనైతే ఎమర్జెన్సీకి రెండు సీట్లున్న ఐదుగురి బండి అనే చూస్తా. మీ పరిస్థితి నిజంగా అదే అయితే, అంటే రోజూ నలుగురు, పండక్కి మాత్రం ఆరుగురు, పైగా నడిపేది మీరే అయితే, క్యూ7కి మించింది ఈ రేటులో లేదు. డీజిల్ అడక్కండి, మన దగ్గర ఆడి 2020లో బీఎస్6 కాలుష్య నిబంధనలు వచ్చినప్పుడే డీజిల్ మానేసింది. సిటీ ట్రాఫిక్‌లో ఆ వీ6 ఎంత తాగుతుందో వాడేవాళ్లని అడిగితే ముందు నవ్వి తర్వాత చెప్తారు.

ఎక్స్‌సి90 వేరే స్వభావం. పొడవు అయిదు మీటర్ల లోపే, అయినా మూడో వరస క్యూ7 కంటే మనుషులు కూర్చునేలా ఉంటుంది, అయిదడుగుల ఏడంగుళాల దాకా ఉన్నవాళ్లు సర్దుకుంటారు, వోల్వో వాళ్లు కూడా 170 సెంటీమీటర్ల లోపు వాళ్లకే అని ముందే చెప్పేస్తారు, ఆ నిజాయితీ నాకు నచ్చింది. రెండో వరసలో మూడూ విడివిడి సీట్లు, దేనికది ముందుకీ వెనక్కీ జరుగుతాయి, మధ్యలో కూర్చున్నవాళ్లకి కూడా సీటు అన్నట్టే ఉంటుంది. సీట్ల విషయంలో వోల్వోని కొట్టేవాళ్లు లేరు, నడుం నొప్పి ఉన్నవాళ్లు ఒకసారి కూర్చుంటే లేవరు. ఇంజిన్ మాత్రం రెండు లీటర్ల నాలుగు సిలిండర్ల పెట్రోల్, 250 హార్స్‌పవర్, ఏడుగురితో శ్రీశైలం ఘాట్ ఎక్కేటప్పుడు కష్టపడుతున్న సౌండ్ వినిపిస్తుంది, ఆగదు కానీ వినిపిస్తుంది. ఇంకో రెండు లోట్లు. మూడో వరసలో చైల్డ్ సీటు బిగించడానికి ఐసోఫిక్స్ కొక్కేలు లేవు, కాబట్టి చైల్డ్ సీట్లలో పిల్లలు ఉన్నంతకాలం వాళ్లు రెండో వరసలో, పెద్దాళ్లు వెనకాల, లెక్క తలకిందులవుతుంది. ఏడుగురూ ఎక్కాక డిక్కీలో రెండు చిన్న బ్యాగులు, ఒక పచ్చడి జాడీ, అంతే. సర్వీసు సెంటర్లు కూడా జర్మన్ కంపెనీలంత విరివిగా లేవు, హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకి బాధ లేదు, జిల్లాల్లో ఉన్నవాళ్లు ముందే దగ్గర్లోది ఎక్కడుందో కనుక్కోండి.

జీఎల్ఎస్ సంగతి. అయిదు మీటర్ల ఇరవై సెంటీమీటర్ల పొడవు, ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్యే 3.1 మీటర్లు దాటుతుంది, ఆ పొడవంతా ఎక్కడికి పోయిందంటే మూడో వరసలోకే పోయింది. బటన్ నొక్కితే రెండో వరస సీటు తనే ముందుకి జరిగి వంగుతుంది, వెనక్కి ఎక్కే దారి పెద్దగా ఉంటుంది, ఆరడుగుల మా బావమరిది కూర్చుని గొణగకుండా వచ్చాడంటే అదే సర్టిఫికెట్. ఏడుగురూ కూర్చున్నాక కూడా వెనక 355 లీటర్లు మిగులుతుంది, అంటే ఒక మామూలు చిన్న కారు డిక్కీ అంత. వెనక ఏసీ విడిగా సర్దుకోవచ్చు, మే నెలలో సూర్యాపేట దగ్గర దీని విలువ తెలుస్తుంది, మామూలు ఏడు సీట్ల బండ్లలో ముందువాళ్లు వణుకుతుంటే వెనకవాళ్లు ఉడుకుతుంటారు. నిజంగా ఏడుగురు పెద్దవాళ్లు పట్టే బండి ఈ మూడింట్లో ఇదొక్కటే, నా మొగ్గు ఎటో ఈపాటికి మీకు అర్థమయ్యే ఉంటుంది.

కానీ కొత్త జీఎల్ఎస్ కోటి ముప్పై చుట్టూ ఎక్స్ షోరూమ్, మన బడ్జెట్ కాదు. ఇక్కడే పాతది సీన్‌లోకి వస్తుంది. ఇప్పుడున్న మోడల్ మన దగ్గరికి 2020లో వచ్చింది, 2024 మొదట్లో కాస్త మెరుగులు దిద్దారు, బాడీ అదే, సీట్లు అవే, మూడో వరస అదే. 2021, 2022 నాటి 400డి, అంటే మూడు లీటర్ల ఆరు సిలిండర్ల డీజిల్, 330 హార్స్‌పవర్, ట్యాక్సు, ఇన్సూరెన్సు అన్నీ కలిపిన కొత్త క్యూ7 ఆన్‌రోడ్ రేటుకి ఇంకా కిందే దొరుకుతుంది. లాగే బలం, అంటే టార్క్, 700 న్యూటన్ మీటర్లు, ఏడుగురు ఎక్కినా దానికి తెలియనే తెలియదు.

ఇందులో చిక్కులు లేవని కాదు. అన్నిటికంటే పెద్దది డీజిల్ వాడే తీరు. రోజూ నాలుగు కిలోమీటర్లు పిల్లల్ని స్కూల్లో దింపి రావడానికే బండి అయితే పొగలోని మసిని పట్టే ఫిల్టర్, అంటే డీపీఎఫ్, మూసుకుపోయి లైటు వెలుగుతుంది, ఆ మసి కాలాలంటే వారానికి ఒకసారైనా హైవే మీద ఒక అరగంట పరుగు పెట్టించాలి, పొగని శుభ్రం చేసే యాడ్‌బ్లూ ద్రవం పోయించుకుంటూ ఉండాలి. హైవే తిరగనివాళ్లు డీజిల్ జోలికి పోకండి, ఎక్స్‌సి90 తీసుకోండి. తర్వాత ఎయిర్ సస్పెన్షన్, ఒక మూల లీక్ అయితే మార్చడానికి బిల్లు లక్షల్లో మాట్లాడుతుంది, టైర్లు ఒక్కోటి ముప్పై నలభై వేలు, అందుకని ఎక్స్‌టెండెడ్ వారంటీ మిగిలి ఉన్న బండి, లేదా కంపెనీ తనే చెక్ చేసి అమ్మే బండి అయితేనే చూడండి, నాలుగు లక్షలు ఎక్కువైనా సరే. ఢిల్లీ బండి చౌక అని ఎవరో చెప్తారు. చౌకే, అక్కడ డీజిల్ బండి పదేళ్లు దాటితే తిరగకూడదన్న రూలు భయానికి రేట్లు పడిపోయి ఉంటాయి, కానీ అక్కడి ఆర్టీఓ నుంచి అభ్యంతరం లేదనే ఎన్ఓసీ తెచ్చి ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టి రిజిస్ట్రేషన్ మార్చుకునేసరికి ఆ తేడా చాలావరకు ఆవిరి, కట్టకుండా తిరిగితే ఆర్టీఏ వాళ్లు ఆపినప్పుడు చూడాలి. లోకల్ రిజిస్ట్రేషన్, ఒకే ఓనరు, పూర్తి సర్వీస్ హిస్టరీ, ఈ మూడూ లేకపోతే ఎంత మెరిసినా వద్దు.

డబ్బు గురించి ఇంకో మాట. 2025 సెప్టెంబర్ 22 నుంచి పెద్ద బండ్లకి జీఎస్టీ, సెస్సు కలిపి 50 శాతం ఉన్నది 40కి దిగింది, కొత్తవాటి రేట్లు కాస్త తగ్గాయి, దాంతో పాతవాటి రేట్లు కూడా దిగాలి, పాత రేటే చెప్పే అమ్మకందారుడికి ఈ మాట గుర్తుచేసి బేరం ఆడండి. కొత్తదానికి తెలంగాణలో లైఫ్ ట్యాక్స్ ఈ రేంజ్‌లో 18 శాతానికి తక్కువ ఉండదు, షోరూమ్ రేటు చూసి లోన్ లెక్కలు వేసుకునేవాళ్లకి అక్కడే కళ్లు తిరుగుతాయి.

బీఎండబ్ల్యూ ఎక్స్7, పాతది దొరికితే జీఎల్ఎస్‌కి దాదాపు సమానం, నడపడం ఇంకా బాగుంటుంది, దాని ముఖమే నాకు నచ్చదు, అంతే. కియా ఈవీ9 విషయంలో లెక్క వేరు, తెలంగాణలో ఎలక్ట్రిక్ బండ్లకి 2026 డిసెంబర్ 31 దాకా లైఫ్ ట్యాక్స్ లేదు, కోటి ముప్పై లక్షల బండికి అది ఇరవై లక్షల పైమాట, కానీ సీట్లు ఆరే, తిరుపతి వెళ్లేటప్పుడు ఛార్జర్ ఖాళీగా ఉందా లేదా అని నాన్నగారికి టెన్షన్ పెట్టడం నావల్ల కాదు.

అన్నట్టు అమెరికాలో మనవాళ్లు ఇదే అవసరానికి హోండా ఒడిస్సీయో టొయోటా సియెన్నాయో, అంటే మినీవ్యాన్, కొనుక్కుని హాయిగా తిరుగుతారు, స్లైడింగ్ డోరు, కిందకి ఉన్న ఫ్లోరు, మామ్మగారు కూడా చకచకా ఎక్కేస్తుంది. ఇక్కడ వ్యాన్ అంటే ట్రావెల్స్ బండి అనేస్తారు. పెద్దవాళ్ల మోకాళ్లే మీ సమస్య అయితే, పరువు సంగతి పక్కన పెట్టగలిగితే, కెప్టెన్ సీట్ల ఇన్నోవా హైక్రాస్ తీసుకుని మిగిలిన డబ్బు బ్యాంకులో వేసుకోండి, మీతో నేను వాదించను.

ఇక జీఎల్ఎస్ అనే తేల్చుకున్నవాళ్లు టోకెన్ ఇచ్చే ముందు టేపు పట్టుకుని అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి దిగండి. మన పార్కింగ్ స్లాట్లు చాలావరకు అయిదు మీటర్ల పొడవు, మా బండి ముక్కు గీత దాటి ఒక జానెడు బయటికే ఉంటుంది, ఎదురింటాయన మంచివాడు కాబట్టి నడుస్తోంది. ర్యాంప్ మలుపు దగ్గర పిల్లర్ ఉంటే డ్రైవర్‌తో కాకుండా మీరే ఒకసారి టెస్ట్ డ్రైవ్ బండిని దింపి, ఎక్కించి చూసుకోండి.