చంద్రుడి మీదికెళ్లిన వాచీల కోసం బీల్ దాకా

స్విట్జర్లాండ్ వెళ్లే మనవాళ్లు ఎక్కువగా జ్యూరిక్‌లో దిగి ఇంటర్లాకెన్, టిట్లిస్ అంటూ కొండల వైపు వెళ్లిపోతారు. వాచీలంటే ఇష్టమున్నవాళ్లు మాత్రం బీల్ అనే ఊరి కోసం ఒక రోజు అట్టే పెట్టుకోవాలి. జ్యూరిక్ నుంచి నేరుగా రైలుంది, గంట పైచిలుకు ప్రయాణం. జర్మన్, ఫ్రెంచ్ రెండూ మాట్లాడే ఊరు.

ఒమేగా వాచీ కంపెనీ మ్యూజియం ఇక్కడే ఉంది. జపాన్ ఆర్కిటెక్ట్ షిగెరు బాన్ చెక్కతో డిజైన్ చేసిన భవనంలో 2019లో కొత్తగా తెరిచారు. ప్రవేశం ఉచితం. సోమవారం సెలవు, ఆ రోజు మాత్రం పెట్టుకోకండి. ఒలింపిక్స్, డైవింగ్ విభాగాలు కూడా ఉన్నాయి కానీ నా మనసంతా అంతరిక్షం వైపే.

చంద్రుడి మీదికెళ్లిన ఒమేగా వాచీ పేరు స్పీడ్‌మాస్టర్. దాన్ని అంతరిక్షం కోసం తయారు చేయలేదు. కార్ల రేసుల్లో టైమ్ చూసుకోవడానికి 1957లో మార్కెట్లోకి తెచ్చారు. అమెరికా వ్యోమగామి వాలీ షిరా తన సొంత స్పీడ్‌మాస్టర్‌నే 1962 అక్టోబరులో అంతరిక్షంలోకి పెట్టుకెళ్లారు. తర్వాత నాసా కొన్ని కంపెనీల వాచీలు తెప్పించి పరీక్షలు పెట్టింది. 71 డిగ్రీల వేడిలో 48 గంటలు, ఆపైన 93 డిగ్రీల్లో అరగంట. తర్వాత గడ్డకట్టే చలి, గాలిలేని గది, 40 జీల (భూమ్యాకర్షణకు 40 రెట్ల) కుదుపులు. అన్నిటికీ తట్టుకుని నిలిచింది స్పీడ్‌మాస్టర్ ఒక్కటే. 1965 మార్చి 1న ఆమోదముద్ర పడింది. మనలాంటివాళ్లు కొట్లో కొనుక్కునే వాచీయే ఇన్ని పరీక్షలు గెలిచిందన్న సంగతి తెలిసి చూస్తే, అద్దాల వెనక ఉన్న ఆ నల్ల డయల్ మీద గౌరవం పెరుగుతుంది. చంద్రుడి వైపు బయల్దేరిన అపోలో 13 నౌక ప్రమాదంలో పడ్డప్పుడు దారి సరిదిద్దడానికి ఇంజన్‌ని 14 సెకన్లు మండించారు. ఆ 14 సెకన్లు లెక్కపెట్టింది అందులోని వ్యోమగామి జాక్ స్విగర్ట్ చేతి స్పీడ్‌మాస్టరే.

లోటు కూడా చెప్పాలి. కంపెనీ మ్యూజియం కాబట్టి కథంతా ఒమేగా చుట్టూనే తిరుగుతుంది. కానీ వేరే కంపెనీల వాచీలు కూడా అంతరిక్షానికి వెళ్లాయి. 1961లో గగారిన్ చేతికి ఉన్నది స్తుర్మాన్‌స్కీ అనే రష్యన్ వాచీ. 1962లో అమెరికా వ్యోమగామి జాన్ గ్లెన్ స్పేస్ సూట్ మీద కట్టుకున్నది హోయర్ స్టాప్‌వాచ్, ఆ హోయర్ కూడా అప్పట్లో ఈ బీల్ కంపెనీయే! అదే ఏడాది మరో వ్యోమగామి స్కాట్ కార్పెంటర్ 24 గంటల డయల్ ఉన్న బ్రైట్‌లింగ్ వాచీ పెట్టుకెళ్లారు. కక్ష్యలో పగలూ రాత్రీ తేడా తెలియదు కాబట్టి అలాంటి డయల్ అడిగి చేయించుకున్నారు. తిరిగొచ్చి సముద్రంలో దిగినప్పుడు అది ఉప్పునీళ్లకు పాడైంది. అలాగే దాచి 2022లో కంపెనీ బయటపెట్టింది. ఆటోమేటిక్ వాచీలు (చేతి కదలికకే కీ తిరిగేవి) అంతరిక్షంలో నడవవని చాలామంది అంటుంటారు. అది తప్పు. 1973లో అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైల్యాబ్‌కి వెళ్లిన విలియం పోగ్ చేతి సీకో ఆటోమేటిక్ చక్కగా నడిచింది.

వాచీల పూర్తి చరిత్ర కావాలంటే లా షో-ద-ఫోన్ వెళ్లాలి. బీల్ నుంచి రైల్లో ముప్పావు గంట. అక్కడి అంతర్జాతీయ గడియారాల మ్యూజియానికి టికెట్ ఉంది, ఆ డబ్బుకి పూర్తి న్యాయం జరుగుతుంది. ఊరు ఊరంతా యునెస్కో వారసత్వ జాబితాలో ఉంది.

బస బీల్‌లోనే మేలు. జ్యూరిక్ కంటే గది చవక, స్టేషన్ దగ్గరే అన్నీ. మేం దిగిన చిన్న హోటల్లో గది శుభ్రంగా ఉంది కానీ సాయంత్రమయ్యేసరికి రిసెప్షన్ మూసేశారు. తలుపు కోడ్ ఈమెయిల్లో రాక కాసేపు బయటే టెన్షన్ పడ్డాం. రైలు ఆలస్యంగా చేరేలా ఉంటే ముందే ఫోన్ చేసి కోడ్ అడిగి తీసుకోండి. భోజనానికి కోప్, మిగ్రోస్ సూపర్‌మార్కెట్ల రెస్టారెంట్లు నయం, శాకాహారులకీ ఏదో ఒకటి దొరుకుతుంది. ఆదివారం కొట్లు దాదాపు అన్నీ మూత. సాయంత్రం ఖాళీగా ఉంటే తాడుతో పైకి లాగే కొండ రైల్లో (ఫ్యునిక్యులర్) మాగ్లింగెన్ కొండ ఎక్కండి.

చంద్రుడి మీదికెళ్లిన వాచీల్లో చాలావరకు అమెరికా ప్రభుత్వ ఆస్తి, స్మిత్‌సోనియన్ సంస్థ దగ్గరున్నాయి. ఆర్మ్‌స్ట్రాంగ్ తన వాచీని ల్యాండర్‌లోనే ఉంచి దిగారు, లోపలి ఎలక్ట్రానిక్ టైమర్ పనిచేయలేదు కాబట్టి. అందువల్ల చంద్రుడి నేల మీద మొదట తిరిగింది ఆల్డ్రిన్ వాచీ. అది స్మిత్‌సోనియన్‌కి పంపుతుండగా దారిలో పోయింది, ఇప్పటికీ దొరకలేదు. నాకు ఇది నిజంగా బాధ కలిగించే విషయం. అమెరికాలో ఉన్నవాళ్లు వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ వాళ్ల విమాన, అంతరిక్ష మ్యూజియానికి వెళ్లండి. అక్కడా ప్రవేశం ఉచితమే, కాకపోతే ముందుగా ఆన్‌లైన్‌లో టైమ్ పాస్ తీసుకోవాలి.