పాల కూలర్ వేడితో వేణ్ణీళ్లు: 300 లీటర్ల హీట్ రికవరీ ట్యాంకు కొనొచ్చా?

అనంతపురం చుట్టుపక్కల పాల సేకరణ కేంద్రాలకు ఈ స్టీలు ట్యాంకు గట్టిగానే అమ్ముతున్నారు. బల్క్ కూలర్ (సేకరించిన పాలను చల్లబరిచే పెద్ద పాత్ర, యంత్రం) పక్కన నిలబెడితే చాలు, కరెంటు లేకుండా వేణ్ణీళ్లు వస్తాయంటారు. వస్తాయి, అందులో అబద్ధం లేదు. ఎన్ని, ఎంత వేడిగా అన్న దగ్గరే మాటకూ పనికీ తేడా.

వెయ్యి లీటర్ల పాలను 35 డిగ్రీల నుంచి 4కు దించాలంటే సుమారు 35 యూనిట్ల (కరెంటు మీటరు లెక్కలో) వేడి లాగెయ్యాలి. కంప్రెసర్ తినే 12 యూనిట్ల దాకా కరెంటు కూడా వేడిగానే తేలుతుంది. ఈ మొత్తాన్నీ కండెన్సర్ (వేడి గ్యాసును చల్లార్చే జాలీ) ఫ్యాను రోజూ బయటికి ఊదేస్తోంది. ట్యాంకు చేసేది ఒక్కటే: కంప్రెసర్ నుంచి వచ్చే వేడి గ్యాసు కండెన్సర్‌కు పోయేలోపు నీళ్లలో మునిగిన రాగి చుట్టలోంచి దిగేలా మళ్లిస్తుంది. నీళ్ల పంపు లేదు, కాబట్టి కాలిపోయేదీ లేదు.

లండన్ ఇస్లింగ్టన్‌లో 2020 నుంచి ఇలాంటి పనే పెద్దయెత్తున జరుగుతోంది. 1922లో మూసేసిన సిటీ రోడ్ స్టేషన్ దగ్గర భూగర్భ రైలు సొరంగం గాలిలోని వేడి తీసి, 1,350 ఇళ్ల దాకా అందించగల పైపుల వ్యవస్థలో కలుపుతున్నారు. ఆ గాలి 18 నుంచి 28 డిగ్రీలే. నీళ్లను 80కి లేపడానికి వేరే హీట్ పంపు (తక్కువ వేడిని లాగి ఎక్కువ వేడిగా ఇచ్చే యంత్రం) కావాలి. మన దగ్గర పాల కూలరే హీట్ పంపు. గ్యాసు 70, 80 డిగ్రీల మీద బయటికొస్తుంది, పైపు పది అడుగులు చాలు.

ఇక నీళ్ల వేడి. 65 డిగ్రీలని అమ్మేవాళ్లు కాగితంలో రాసిచ్చింది, ఆర్-22 అనే పాత రకం చల్లబరిచే గ్యాసు వాడే యంత్రాల లెక్క. ఆర్-404ఏ గ్యాసు అంత వేడెక్కదు, దాంతో నీళ్లు 50-55 దగ్గర ఆగుతాయి. క్షారం కలిపి కడగడానికి 60-70 కావాలి కాబట్టి హీటర్ రాడ్ తప్పదు. అయినా లాభమే. వంద లీటర్లను 28 నుంచి 70కి కాచాలంటే దాదాపు 5 యూనిట్లు పడుతుంది. 55 నుంచి అయితే 2 యూనిట్ల లోపే. పాలు పోసిన పాత్రను ముందు గోరువెచ్చటి నీళ్లతోనే కడగాలని గుర్తుంచుకోండి. నేరుగా మరిగే నీళ్లు పోస్తే పాల మాంసకృత్తులు స్టీలుకు అట్టకడతాయి.

బయటి పఫ్ పొర (వేడి పోకుండా ఆపే నురగ పొర) బాగుంది. పొద్దున పాలు చల్లారాక టాంకర్ వచ్చేదాకా నీళ్లు ఆగాలి కదా, రాత్రంతా ఉంచినా 3, 4 డిగ్రీలకు మించి పడకూడదు. థర్మామీటరుతో మీరే చూసుకోండి.

అసలు లోపం మూత. మన బోరు నీళ్లకు రాగి చుట్ట మీద తెల్లటి గార కట్టడం ఖాయం, వేడెక్కేకొద్దీ మరీ ఎక్కువ. దాన్ని చూడ్డానికి చెయ్యి పట్టే మూత ఈ ట్యాంకుకు లేదు, రాడ్ బిగించే రంధ్రం తప్ప. ఇంత డబ్బు తీసుకుని ఆరంగుళాల మూత పెట్టకపోవడం పిసినారితనం. గార వదలాలంటే లీటరు నీళ్లకు 50 గ్రాముల చొప్పున నిమ్మ ఉప్పు కలిపి, గోరువెచ్చగా రెండు గంటలు ఉంచి, బుడగలు ఆగాక బాగా కడిగి వదలాలి. చవగ్గా ఉందని బాత్రూం యాసిడ్ మాత్రం పొయ్యొద్దు. అందులోని క్లోరైడు 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలుకు సూదిబెజ్జాలు పెడుతుంది.

బిగించేవాడిని మూడు అడగండి. చుట్ట రెండు గోడలదా? ఒంటి గోడదైతే చిల్లుపడిన రోజు కంప్రెసర్ నూనె పాలపాత్ర కడిగే నీళ్లలో కలుస్తుంది. రెండు గోడలదైతే మధ్యలోని చిన్న గొట్టం చివర నూనె తడి కనిపించి ముందే తెలిసిపోతుంది. కాబట్టి దాన్ని టేపుతో మూయనివ్వొద్దు. రెండోది, ట్యాంకు కంప్రెసర్ కన్నా ఎత్తున ఉంటే మధ్యలో నాన్ రిటర్న్ వాల్వు (వెనక్కి రానివ్వని వాల్వు) పెట్టాడా? లేకుంటే ఆగినప్పుడు చల్లబడిన గ్యాసు ద్రవమై వెనక్కి జారి, తిరిగి స్టార్ట్ చేసేసరికి కంప్రెసర్ లోపలి వాల్వు ప్లేట్లు విరుగుతాయి. మూడోది ఫ్యాను ప్రెషర్ స్విచ్, అంటే గ్యాసు ఒత్తిడి తగ్గితే ఫ్యానును ఆపేది. డిసెంబరు తెల్లవారుజామున ట్యాంకు చల్లగా ఉండి ఫ్యానూ తిరుగుతుంటే హెడ్ ప్రెషర్ (కంప్రెసర్ నుంచి బయటికొచ్చే గ్యాసు ఒత్తిడి) పడిపోయి కూలింగ్ మందగిస్తుంది. పాలు చల్లారడం ఆలస్యమైతే మిగిలిన లాభమంతా పోయినట్టే.

ఇదే ట్యాంకును లాడ్జి ఏసీలకూ చూపిస్తున్నారు. అక్కడ వద్దు. వేణ్ణీళ్లు అడిగే చలికాలంలో ఏసీలు ఆగి ఉంటాయి.

రోజుకు 300 లీటర్లు 28 నుంచి 55కి వేడెక్కితే 9 యూనిట్ల పైచిలుకు మిగులుతుంది. యూనిట్ 8 రూపాయలు అనుకుంటే ఏడాదికి దాదాపు 27 వేలు. బిగింపూ, అదనపు గ్యాసూ కలిపి ధర 55 వేలు దాటితే బేరమాడండి. రోజుకు 500 లీటర్ల పాలు దాటని కేంద్రమైతే 150 లీటర్ల సైజు తీసుకోండి, 300 అయితే గోరువెచ్చటి దగ్గరే ఆగిపోతుంది.